గోత్రం చెబితే తెరుచుకునే కోట

ఆ శుక్రవారం ఉదయం రాఘవేంద్రప్రసాద్ వేసుకున్న పథకంలో పెద్ద గొప్పేమీ లేదు. పది దాటాక లారీ ఆఫీసుకని చెప్పి అంగడి నుంచి బయటపడాలి. మద్రాసు నుంచి వచ్చిన స్టీలు సామాను పార్సిళ్ళు విడిపించే పని హమాలీకి అప్పజెప్పి, తాను పక్కసందులో భూపేష్ నడిపే ఇంటర్నెట్ సెంటర్లో దూరాలి. పదకొండుకు యుద్ధం. భోజనాల వేళకు ఒక రాజ్యాన్ని గెలిచి, ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చి, మళ్ళీ గ్లాసులు తుడవాలి.

కర్నూలు పాతబజారులో 'రామకోటయ్య అండ్ సన్స్' అంటే తెలియనివాళ్ళు లేరు. ఆ బోర్డులో రామకోటయ్య ఎవరో అందరికీ తెలుసు. సన్స్ ఎవరో మాత్రం బోర్డు రాసినవాడు కూడా అడగలేదు. ముప్పై ఆరేళ్ళ రాఘవేంద్రప్రసాద్ వాళ్ళలో పెద్దవాడు. పదో తరగతి సెలవుల్లో వచ్చి అంగట్లో కూర్చున్నాడు, ఆ సెలవులు ఇంకా అయిపోలేదు. గిరాకీ వచ్చి చెంబు ధర కాస్త తగ్గించమంటే అతను గల్లాపెట్టె వైపు చూడాలి. అక్కడ నాన్న కనుబొమ్మ లేస్తే తగ్గించాలి, లేవకపోతే చెంబు మళ్ళీ అరలో పెట్టాలి. అంగడి, ఇల్లు, ఫోను, ఆఖరికి గ్యాసు బండ కూడా నాన్న పేరు మీదే ఉన్నాయి. తాళాలన్నీ నాన్న మొలతాడుకే వేలాడతాయి.

రెండోవాడు నాగచైతన్యకు ఇరవై నాలుగేళ్ళు. అతని ఇంజనీరింగు చదువు చాలా కాలంగా పూర్తవుతూనే ఉంది. ఫలితాలు వచ్చినప్పుడల్లా రామకోటయ్య, "చిన్నోనికి బుర్ర ఉండాది, పేపరు దిద్దేటోళ్ళకే లేదు" అని తేల్చేస్తాడు. పెద్దవాడి బుర్ర గురించి ఆయన ఎప్పుడూ ఏ అభిప్రాయమూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రాలేదు.

అలాంటి రాఘవేంద్రప్రసాద్‌కు ఒక రాజ్యం ఉంది. 'సింహదుర్గం' అని కంప్యూటర్లో ఆడే ఆట. ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని ఇంటర్నెట్టు మీద కోట కట్టుకోవచ్చు. ధాన్యం పండించుకోవచ్చు, సైన్యం పెంచుకోవచ్చు, పక్క కోటవాళ్ళతో పొత్తు కలపవచ్చు. అతను మూడేళ్ళపాటు దొంగచాటుగా, అరగంట అరగంటగా, ఒక్కో రాయీ పేర్చి ఆ కోట కట్టాడు. ఇప్పుడు ఆ జట్టులో రెండు వందల మంది ఉన్నారు. కడప నుంచి, రాయచోటి నుంచి, కోసిగి నుంచి, ఎక్కడెక్కడి నుంచో. వాళ్ళంతా అతన్ని 'మహారాజ్' అంటారు. ఎవరి మీద దండెత్తాలన్నా, ఎవరికి ధాన్యం పంపాలన్నా ముందు అతన్ని అడుగుతారు. చెంబు ధర తగ్గించే హక్కు లేని మనిషిని రెండు వందల మంది సలహా అడగడం అంటే ఏమిటో, అది అనుభవించినవాడికే తెలుస్తుంది. ఆ కోట లేకపోతే తాను ఎవడూ కాడని అతనికి బాగా తెలుసు.

"యాడికిరా?" అన్నాడు రామకోటయ్య, తల ఎత్తకుండానే.

"లారీ ఆఫీసుకు నాయనా. మద్రాసు పార్సిళ్ళు వచ్చినాయంట."

"నన్ను అడక్కుండానే పోతాండావే?"

"అడుగుదామనే వస్తాండా."

సరిగ్గా అప్పుడే బజారు చివర అమ్మవారి గుడి మైకు గరగరమంది. శుక్రవారం అర్చన రామకోటయ్యదే, ఏళ్ళ తరబడి. "పెండ్లికుల గోత్రోద్భవస్య, రామకోటయ్య నామధేయస్య..." అంటూ పూజారి గొంతు బజారంతా మోగింది. వరసగా భార్య పేరు, కొడుకుల పేర్లు, కోడలి పేరు, మనవడి పేరు. రామకోటయ్య కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించాడు. ఆ చేతులు విడిపోయేలోపు పెద్దకొడుకు సందు తిరిగిపోయాడు.

భూపేష్ సెంటర్లో మూలనున్న కుర్చీ అతనిది. కూర్చుని, చొక్కా చేతులు పైకి మడిచి, పాస్‌వర్డు కొట్టాడు. అది మామూలు పాస్‌వర్డు కాదు. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు, మధ్యలో ఒక నక్షత్రం గుర్తు. కట్టుకున్న భార్య శ్రీవాసవికి కూడా చెప్పలేదు. స్నానం చేసేటప్పుడు స్తోత్రంలా మనసులో చదువుకునేవాడు.

తప్పు అంది కంప్యూటరు.

మళ్ళీ కొట్టాడు. తప్పే. ఒక్కో అక్షరం వేలితో పొడిచి పొడిచి కొట్టాడు. కంప్యూటరు అభిప్రాయం మారలేదు. 'మర్చిపోయారా?' అన్న చోట నొక్కితే ఎర్రటి అక్షరాలతో ఒక కబురు వచ్చింది. ఈ ఖాతా పాస్‌వర్డు నిన్న సాయంత్రమే మార్చారనీ, రహస్య ప్రశ్నకు సరైన జవాబు చెప్పి మరీ మార్చారనీ, కాబట్టి ఒక రోజు దాకా ఇంకెవరూ మార్చడానికి వీల్లేదనీ, ఇదంతా మీ భద్రత కోసమేననీ.

"భూపేషూ!" అని కేక పెట్టాడు. "నా కోటను ఎవరో ఎత్తకపోయినార్రా!"

భూపేష్ వచ్చి చూశాడు. "నీ పాస్‌వర్డు ఎవురికన్నా చెప్పినావా అన్నా?"

"చస్తే చెప్పను. నువ్వే చూసింటావు. నీ సెంటరు, నీ కంప్యూటరు. రోజూ నా వెనకాలే గదా తిరుగుతాంటావు!"

ఆ మాట అనవలసింది కాదు. భూపేష్ ముఖం మాడిపోయింది. "నోరు జారొద్దన్నా. నీ మట్టి కోట నేనేం జేసుకోను? వాడు పాస్‌వర్డు దొంగలించలేదు, రహస్య ప్రశ్నకు జవాబు చెప్పి దర్జాగా పోయినాడు. ఏం ప్రశ్న పెట్టినావు?"

రాఘవేంద్రప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. ఆట మొదలుపెట్టిన రోజు కంప్యూటరు అతన్ని ఒక ప్రశ్న రాసుకోమంది. మీరు జన్మలో మర్చిపోని సంగతి అయి ఉండాలి, అంది. అతను బాగా ఆలోచించాడు. పుట్టినరోజు మర్చిపోవచ్చు, పెళ్ళిరోజు ఇదివరకే రెండుసార్లు మర్చిపోయి తిట్లు తిన్నాడు. మర్చిపోవడానికి వీల్లేనిది ఒక్కటే కనిపించింది.

"మా గోత్రం" అన్నాడు నెమ్మదిగా.

భూపేష్ నెత్తి కొట్టుకున్నాడు. "గోత్రమా? పెండ్లిలో, పేరంటంలో మొదాట అడిగేదే అది గదన్నా! ఇంతకుముందే మైకులో వచ్చింది. పెండ్లికుల. నాకు మా గోత్రం తెలీదు గానీ మీది మాత్రం వారం వారం వింటాండా. ఈ బజార్లో టీ అంగడాయనకు తెల్సు, పూలమ్మే ఉరుకుందమ్మకు తెల్సు. కర్నూలు సగం నీ కోటలోకి పోయి రావచ్చు."

వీధి తలుపుకు పెద్ద తాళం వేసి పెరటి తలుపు బార్లా తెరిచి పెట్టాడన్నమాట. అది అర్థం కావడానికి అతనికి మూడేళ్ళూ ఒక దొంగా కావలసి వచ్చాయి. ఆ దొంగ ఎవడో తెలిస్తే గొంతు పిసకాలనిపించింది, తెలియదు కాబట్టి తన తలే పట్టుకున్నాడు.

అంతలో భూపేష్ తన పేరుతో ఆటలోకి వెళ్ళి, అందరూ చూసే వార్తల పలక తెరిచాడు. పైనే ఉంది. ఈ ఉదయం మహారాజ్ సైన్యం లేవి అనేవాడి కోటను ముట్టడించి, గోడలు కూల్చి, ధాన్యమంతా తరలించుకుపోయింది. లేవి కోసిగిలో జెరాక్సు అంగడి పెట్టుకున్నవాడు, మొదటి రోజు నుంచీ తన పొత్తులో ఉన్నవాడు. మహారాజ్ ఉన్నాడన్న ధైర్యంతో కోట తలుపులు ఎప్పుడూ తెరిచే పెట్టుకునేవాడు. వెంటనే లేవి సెల్లుకు ఫోన్ చేశాడు. ఎంగేజు. మళ్ళీ చేశాడు. ఎంగేజు.

ఎందుకు ఎంగేజులో ఉందో, తర్వాత పదిమంది ముందు నాన్న నోటే విన్నాడు. ఎప్పుడో గొప్పకు పోయి, అవసరమైతే నేరుగా కోటకే ఫోన్ చేయండని జట్టులో అందరికీ అతను ఒక నంబరు ఇచ్చాడు. అది అంగడి ఫోను నంబరు. లేవి దానికే చేశాడు. గల్లాపెట్టె పక్కన రామకోటయ్య ఎత్తాడు.

"మహారాజు ఉండాడా?" అన్నాడట లేవి.

"ఈడ మహారాజులెవురూ లేరప్పా. రామకోటయ్యను. ఎవురు గావాల?"

"రాఘవేంద్రప్రసాదు. మీకేమయితాడు?"

"మా పెద్దోడు."

"అయితే ఇనండి. మీ వోడు పొద్దున్నే మనుషులనేస్కోని నా మీద పడినాడు. గోడలు కూలగొట్టినాడు. గింజ మిగల్చకుండా ధాన్యం ఎత్తకపోయినాడు. తమ్ముడూ తమ్ముడూ అని నమ్మించి గొంతు కోసినాడు. ఊరికే వదిలేది లేదు. కోసిగి నుంచి, కడప నుంచి మా వోళ్ళందరం కల్సినాం. పదకొండుకు మీ మీద పడతాం. కాసుకోమని చెప్పండి."

టక్కున పెట్టేశాడు. రామకోటయ్య రిసీవరు చేతిలో పట్టుకుని గడియారం చూశాడు. కొడుకు ఇంత పని చేశాడా అని ఆయన ఒక్క క్షణం కూడా అనుమానించలేదు, అందుకు కాస్త మెచ్చుకోవాలి. కానీ కోసిగి వాళ్ళు అనుకుంటే చాలు కదా. ఆయన లేచి షట్టరు దించాడు.

ఈ ఊళ్ళో ఒక షట్టరు దిగితే పక్కవాడు కారణం అడగడు. ముందు తనది దించుకుంటాడు, లోపల కూర్చుని అడుగుతాడు. బట్టల అంగడి దిగింది, కిరాణా దిగింది, మందుల షాపు దిగింది. ఉరుకుందమ్మ పూలగంప నెత్తికెత్తుకుంది. దడదడమంటూ ఆ చప్పుడు సందులోకి వచ్చింది. భూపేష్ కూడా ఒక్క ఉదుటున లేచి తన షట్టరు కిందికి లాగేశాడు.

"ఏమయిందిరా?" అన్నాడు చీకట్లో రాఘవేంద్రప్రసాద్.

"తెలీదన్నా. అందురూ దించుతాండారు."

ఇద్దరూ కంప్యూటర్ల వెలుతురులో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. షట్టరు అవతల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. కోసిగి నుంచి మనుషులు వస్తాండారంట. రెండు జీపులంట. ఇంకొకాయన నాలుగు జీపులన్నాడు. ఎవరి కోసమని మరొకరు అడిగారు. "రామకోటయ్య పెద్దకొడుకు కోసమంట. లారీ ఆఫీసుకని పోయినాడంట, ఆడ లేడంట. ఎత్తకపోయినట్టుండారు పాపం. మెత్తనోడు."

తనను ఎవరో ఎత్తుకుపోయారన్న సంగతి రాఘవేంద్రప్రసాద్ అలా తెలుసుకున్నాడు. దూరంగా అమ్మ రాజ్యలక్ష్మమ్మ ఏడుపు వినిపించింది. నిజం చెప్పాలంటే, ఆ ఏడుపు వింటుంటే అతనికి భయంతో పాటు మరేదో కూడా కలిగింది. తన కోసం బజారు మూశారు. ముప్పై ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. ఇంకాసేపు లోపలే ఉందామా అని కూడా అనిపించింది.

పోలీసు జీపు సందులో ఆగేసరికి భూపేష్ ఉండనివ్వలేదు. షట్టరు మూరెడు పైకెత్తాడు. ఎత్తుకుపోబడిన మనిషి దాని కింది నుంచి పాక్కుంటూ వచ్చి సరిగ్గా సీఐ బూట్ల ముందు తేలాడు.

"ఎవుర్రా నువ్వు?"

"నేనే సార్, ఆ పెద్దకొడుకును."

అతన్ని అంగడి ముందుకు నడిపించారు. బజారంతా షట్టర్ల కింది నుంచి, మేడల మీది నుంచి చూస్తోంది. అమ్మ వచ్చి ఒళ్ళంతా తడిమి చూసింది. నాన్న ఫోనులో విన్నదంతా పదిమంది ముందు అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పాడు. సీఐ చెయ్యి నడుము మీద పెట్టుకున్నాడు.

"ఏమప్పా, కోసిగిలో ఎవని గోడలు కూలగొట్టినావు?"

"నేను గాదు సార్. ఆ కోటను నా పేరు మీద ఎవరో కూలగొట్టినారు."

"కోట యాడుండాది? ఊరు బయటా, లోపలా?"

"కంప్యూటర్లో సార్."

రాఘవేంద్రప్రసాద్ తల దించుకుని ఆట గురించి చెప్పాడు, పొత్తు గురించి చెప్పాడు, ధాన్యం గురించి చెప్పాడు. అది తినే ధాన్యం కాదని కూడా చెప్పవలసి వచ్చింది. చివరికి గోత్రం సంగతి చెప్పేసరికి మేడ మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఆగలేదు. బజారు బజారంతా నవ్వింది.

"ఇంత వయసొచ్చింది గదప్పా" అన్నాడు సీఐ, దాదాపు జాలిగా. జీపు వెళ్ళిపోయింది. షట్టర్లు ఒక్కొక్కటే లేచాయి. మహారాజ్ అంగడి వెనకనున్న ఇంట్లోకి నడిచాడు.

ఇంటి హాల్లో రామకోటయ్య చాప మీద కూర్చున్నాడు. ఆయన కోపంగా ఉంటే బాగుండేది. ఆలోచిస్తున్నాడు. మంచం మీద కూర్చుని పల్లీలు ఒలుచుకుంటున్న నాగచైతన్య, విషయమంతా విన్నాక, చాలా మామూలుగా అన్నాడు.

"అది నేనేలే అన్నా."

"నువ్వా?"

"నిన్న రిజల్టు చూసుకుందామని భూపేష్ సెంటరుకు పోయింటి. నువ్వు కూచునే కుర్చీలో కూచుంటే నీ పేరు తెర మీదే ఉండాది. మర్చిపోయినారా అని అడిగింది, నొక్కితి. గోత్రం అడిగింది. మన గోత్రమే గదా, కొడితి. కొత్త పాస్‌వర్డు పెట్టుకోమనింది, పెడితి. వచ్చేసింది. ఇయ్యాల పొద్దున పోయి కొంచెంసేపు ఆడితి. పక్కన ఏందో కోట తలుపులు తీసే ఉండాది, లోపలికి పోతి."

"అది లేవిదిరా! మన మనిషి!"

"నాకేం తెల్సు? చెప్పింటే గదా."

రాఘవేంద్రప్రసాద్ తిట్టడానికి నోరు తెరిచేలోపు అమ్మ అడ్డం వచ్చింది. "తమ్ముడే గదరా తీసుకున్నాడు, పరాయోడా ఏమన్నా? దొంగల పాలు గాలేదు, సంతోషపడు."

అప్పుడు రామకోటయ్య చెయ్యెత్తాడు. "ఏమిరా పెద్దోడా, ఎంతమంది ఉంటారు అందులో?"

"రెండొందల మంది నాయనా."

"అందురూ నీ మాట ఇంటారా?"

"ఇంటారు నాయనా."

"నువ్వొక్కనివే చేసినావా ఇదంతా? ఎవురూ చెప్పీకుండానే?"

"ఒక్కన్నే. మూడేండ్లు పట్టింది."

రామకోటయ్య పెద్దకొడుకును కళ్ళెత్తి చూశాడు. అలా చూడడం కొడుక్కు గుర్తున్నంతలో ఎప్పుడూ లేదు. "శానా పెద్ద పనేరా" అన్నాడు. రాఘవేంద్రప్రసాద్‌కు కళ్ళు చెమర్చాయి. పోయిన పరువు, బజారు నవ్వు, సీఐ బూట్లు, అన్నీ ఆ ఒక్క మాటతో తుడిచిపెట్టుకుపోయాయి. ఈ ఒక్క మాట కోసమే ఇన్నేళ్ళూ గ్లాసులు తుడిచానేమో అనుకున్నాడు.

"ఎవురింట్లో తిని కట్టినావు?" అన్నాడు రామకోటయ్య.

"నాయనా?"

"అంగట్లో కూచోవాల్సిన టైములోనే గదా కట్టినావు. మన తిండి తిని, మన టైములో కట్టింది ఉమ్మడిదే అయితాది. ఉమ్మడిది పంచేది నేను. నీకు అంగడి ఉండాది. చిన్నోనికేముండాది పాపం? చదువు జూస్తే అట్లుండాది. రెండొందల మంది మీద పెత్తనమంటే రేపు పిల్లనిచ్చేటోళ్ళకు చెప్పుకునేకైనా ఉంటాది. కోట వానికి ఇడిచిపెట్టు."

అంగడి నీ పేరు మీద ఉండాది గదా నాయనా, అనాలనుకున్నాడు రాఘవేంద్రప్రసాద్. ఆ మాట గొంతు దాకా వచ్చి, అలవాటైన చోటే ఆగిపోయింది. పంపకం అయిపోయింది. నాగచైతన్య పల్లీలు ఒలుచుకుంటూనే ఉన్నాడు.

లోపలి గదిలో శ్రీవాసవి పిల్లవాడి బట్టలు మడతపెడుతోంది. "మూడేండ్లు నాకు గూడా చెప్పకుంటిరి" అంది మొగుడితో. "పెండ్లయినప్పటి నుంచి నా గోత్రం గూడా అదే గదా. నేను తీసుకునింటే సరిపోయేది. నేనైతే మళ్ళీ మీకే ఇచ్చేదాన్ని."

సాయంత్రం లేవి ఫోన్ చేశాడు. రాఘవేంద్రప్రసాద్ ఆత్రంగా ఎత్తాడు. తనవాడంటూ ఒకడైనా మిగిలాడు.

"అన్నా, భూపేష్ అంతా చెప్పినాడు. నీ తప్పు లేదంట. తెలీక నోరు పారేసుకుంటి, మనసులో పెట్టుకోవద్దు."

"లేదు లేవీ. నువ్వు ఫోన్ చేసినావు, అదే శాలు."

"అయితే ఇంక మహారాజు మీ తమ్ముడేనా? మధ్యానం లాగిన్ అయి నా ధాన్యమంతా ఎనక్కి పంపినాడన్నా. పైన కొంచెం ఎక్కువే పంపినాడు. నువ్వు మూడేండ్లలో ఎప్పుడూ ఎక్కువ పంపలేదులే. మంచోడున్నట్టుండాడే." కాస్త తటపటాయించి లేవి అసలు సంగతికి వచ్చాడు. "ఆయన సెల్లు నంబరు ఇయ్యన్నా. వచ్చే వారం యుద్ధం ఉండాది, అడిగి చేద్దామని."

రాఘవేంద్రప్రసాద్ నంబరు చెప్పాడు. లేవి రాసుకుని, తిరిగి చదివి సరిచూసుకుని, పెట్టేశాడు.

మరుసటి శుక్రవారం మద్రాసు నుంచి మళ్ళీ పార్సిళ్ళు వచ్చాయి. గుడి మైకులో గోత్రం మోగుతుండగా రాఘవేంద్రప్రసాద్ సందులోకి తిరిగాడు. ఎందుకో అతనికే తెలియదు. భూపేష్ అతన్ని చూసి కుర్చీ మీద దుమ్ము దులిపాడు.

"మీ తమ్మునికి చెప్పి ఆ గోత్రం ప్రశ్న మార్పించినాలే అన్నా. బజారంతా తెల్సిపోయింది గదా, ఎవుడన్నా దూరుతాడు. ఎవురికీ జవాబు తెలీని ప్రశ్న పెట్టుకోమంటి. పెట్టుకున్నాడు."

రాఘవేంద్రప్రసాద్ తలూపి కూర్చున్నాడు. 'మర్చిపోయారా?' అన్న చోట నొక్కాడు. తమ్ముడు రాసుకున్న కొత్త రహస్య ప్రశ్న తెర మీదికి వచ్చింది.

'మా నాయనకు ఏ కొడుకంటే ఇష్టం?'

చాలాసేపు ఆ ప్రశ్న వైపు చూశాడు. చూసి, ముందు తన పేరు కొట్టాడు. తప్పు, అంది కంప్యూటరు. తమ్ముడి పేరు కొట్టాడు. కోట తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

రహస్యం దాచడంలో మాత్రం తమ్ముడిది అచ్చం అన్న పోలికే.